ఎవరి కీతో వెళ్తున్నావు?

ఆఫీసు కాగితాల్లో నా హోదా డేటా ఇంజనీరు. మా ఫ్లోర్‌లో పిలిచే పేరు మాత్రం కీల అక్క. ఉపగ్రహ చిత్రాలు చూసి పంటల పరిస్థితి అంచనా వేసే చిన్న సంస్థ మాది, హైదరాబాదులో. చిత్రాలన్నీ అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ నిల్వలో ఉంటాయి. వాటిని తెరవడానికి మేమే రాసుకున్న పైథాన్ ప్యాకేజీ ఒకటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఒక్క పిప్ కమాండు చాలు, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆ ప్యాకేజీని ఎస్3 లోపలికి రానిచ్చేలా క్రెడెన్షియల్స్ అమర్చడంతోనే అసలు తిప్పలు మొదలవుతాయి. వాడేవాళ్లలో చాలామంది అగ్రికల్చర్ బీఎస్సీలు, ఎమ్మెస్సీలు. వరి ఆకు రంగు చూసి నత్రజని తక్కువైందని చెప్పేస్తారు గానీ, టెర్మినల్ నల్ల తెర కనిపిస్తే కుర్చీ వెనక్కి జరుపుతారు. జరపక ఏం చేస్తారు? వాళ్లు వచ్చింది పొలాల లెక్క తేల్చడానికి.

ఆ క్రెడెన్షియల్స్‌నే మేం కీ అని ఏకవచనంలో అంటాం గానీ అందులో రెండు ముక్కలు. యాక్సెస్ కీ ఐడీ 20 అక్షరాలు, ఏకేఐఏ అని మొదలవుతుంది. సీక్రెట్ కీ 40 అక్షరాలు. ఈ రెండోదాన్ని అమెజాన్ సృష్టించిన క్షణంలో ఒక్కసారే చూపిస్తుంది. విండో మూసేస్తే అంతే సంగతులు, కొత్త కీ తీసుకోవాల్సిందే. అందుకని అందరూ భయపడి సీఎస్‌వీ ఫైలు దింపుకుంటారు, దాన్ని ఎక్సెల్‌లో తెరుస్తారు. సీక్రెట్‌లో ప్లస్ గుర్తు, స్లాష్ కూడా రావొచ్చు. ఖర్మ కాలి అది ప్లస్‌తోనే మొదలైతే ఎక్సెల్ దాన్ని ఫార్ములా అనుకుని ఆ గడిలో ఎర్రర్ చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి నాయనా అని మొత్తుకుంటాను. అక్కడ ఇంకో తిరకాసు. క్రెడెన్షియల్స్ ఫైలుకి ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు. నోట్‌ప్యాడ్ చెప్పాపెట్టకుండా చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ ఆ తోకను దాచేస్తుంది. కళ్లెదుట ఫైలు ఉంటుంది, ప్యాకేజీ మాత్రం క్రెడెన్షియల్స్ లేవంటుంది. కొత్తగా చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లో నేను ముందు చేసే పని ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనపడేలా టిక్కు పెట్టడం.

మా ప్యాకేజీ లోపల ఎస్3తో మాట్లాడేది బోటో3. కీ కోసం అది వెతికే వరస ఒకటుంది. ముందు కోడ్‌లో నేరుగా ఇచ్చారా అని చూస్తుంది. లేదంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో. అక్కడా లేకపోతే హోమ్ ఫోల్డర్లో డాట్ ఏడబ్ల్యూఎస్ అనే డైరెక్టరీ కింద క్రెడెన్షియల్స్ ఫైలు, దాని పక్కన కాన్ఫిగ్ ఫైలు. చివరికి, అమెజాన్ సర్వర్ మీదే నడుస్తుంటే ఆ సర్వర్‌కి ఇచ్చిన రోల్. అమ్మ ఇంటి తాళంచెవి కోసం ముందు చేతిలో, తర్వాత కొంగు ముడిలో, ఆపైన గూట్లో వెతికినట్టు. తేడా ఏమిటంటే, అమ్మ చేతికి బీరువా తాళంచెవి తగిలితే ఇది కాదని పక్కన పెట్టి మళ్లీ వెతుకుతుంది. బోటో3 ఆ పని చేయదు. మొదట దొరికిన కీతోనే వెళ్లిపోతుంది. అది తలుపు తీయకపోతే తిరిగొచ్చి రెండోచోట చూడదు, ఎర్రర్ మన మొహాన కొడుతుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ ఒక్క గుణం నుంచి పుట్టినవే.

గుంటూరు నుంచి ఇంట్లోనే కూర్చుని పనిచేసే కుర్రాడొకడు ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్విచ్చిన కీ అచ్చు అలాగే పెట్టాను. యాక్సెస్ డినైడ్ అంటోంది."

"ఎవరి కీతో వెళ్తున్నావు?"

"నా కీతోనే అక్కా!"

"నువ్వు చెప్పొద్దు. దాన్నే అడుగు."

అడగడానికి కమాండు ఉంది: ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్ కాలర్ ఐడెంటిటీ. నువ్వు నా కంటికి ఎవరిలా కనిపిస్తున్నావో అమెజాన్ చెబుతుంది. దీన్ని వాడటానికి ఏ అనుమతీ అక్కర్లేదు, కీ చెల్లుబాటులో ఉంటే చాలు. కుర్రాడు అది నడిపి కాసేపు మాట్లాడలేదు. ఎప్పటిదో పాత ప్రాజెక్టు యూజర్ పేరు వచ్చింది. ఆ రోజుల్లో ఎవరో అతని విండోస్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా కీ పెట్టి వదిలేశారు. ఫైల్లో అక్షరం తేడా లేకుండా నా కీ ఉంది, కానీ వరసలో ఫైలు కన్నా వేరియబుల్ ముందు. వేరియబుల్ తీసేసి, టెర్మినల్ మూసి తెరవగానే చిత్రాలు జలజలా దిగాయి. ఎవరైనా యాక్సెస్ డినైడ్ అనగానే పర్మిషన్లు పెంచేసే అడ్మిన్లను చూశాను. అక్కడ పెంచితే పాత యూజర్‌కి మా డేటా మొత్తం అప్పజెప్పినట్టయ్యేది.

ఎర్రర్ మాటల్ని ఎవరూ పూర్తిగా చదవరు, ఎర్రగా కనపడగానే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. చదివితే అది దాదాపు నిజమే చెబుతుంది. నో క్రెడెన్షియల్స్ అంటే ఎక్కడా దొరకలేదు. ఇన్‌వాలిడ్ యాక్సెస్ కీ ఐడీ అంటే దొరికింది గానీ ఆ కీ అమెజాన్ దగ్గర లేదు. లేదా తాత్కాలిక కీలోని మూడు ముక్కల్లో సెషన్ టోకెన్ వదిలేసి రెండే కాపీ చేశారు. తాత్కాలిక కీ ఏఎస్ఐఏ అని మొదలవుతుంది, చూడగానే పట్టుకోవచ్చు. సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్ అంటే చాలాసార్లు సీక్రెట్‌లో ఓ అక్షరం ఎగిరిపోయినట్టు. సీక్రెట్ అసలు నెట్ మీద ప్రయాణం చేయదు. ప్యాకేజీ దాంతో మన అభ్యర్థన మీద ఓ సంతకం లెక్కగట్టి ఆ సంతకాన్నే పంపుతుంది, అవతల అమెజాన్ అదే లెక్క వేసి పోల్చుకుంటుంది. ఆ లెక్కలో టైమ్ కూడా ఉంటుంది. మన గడియారం 15 నిమిషాలకు మించి తేడాగా ఉంటే కీ ఎంత మంచిదైనా తిప్పి పంపేస్తుంది. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ చచ్చిన ఫీల్డ్ ల్యాప్‌టాప్‌లతో ఈ బాధ మాకు మామూలే.

పర్మిషన్ల దగ్గర ఒక్కటే చెబుతాను. ఎస్3లో ఫైళ్లు దాచే బకెట్‌లో ఏమున్నాయో జాబితా చూడటం వేరు, అందులో ఫైలు తెరవడం వేరు. మొదటిది బకెట్ మీద ఇవ్వాలి, రెండోది బకెట్ పేరు తర్వాత స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టి లోపలి ఫైళ్ల మీద ఇవ్వాలి. జాబితా అనుమతి లేనివాడు లేని ఫైలు అడిగితే, లేదు అనే 404 రాదు, రానివ్వను అనే 403 వస్తుంది. ఉన్నదీ లేనిదీ తెలుసుకునే హక్కు కూడా నీకు లేదని దాని భావం. ఫైలు పేరులో పొల్లు తప్పు పెట్టి, అనుమతి లేదంటూ టికెట్లు వేసినవాళ్లు ఎందరో.

మాకు మరో చిక్కు, ఊరందరికీ తెరిచిన డేటాతో. యూరప్‌వాళ్ల సెంటినెల్-2 చిత్రాలను ఒరెగాన్ రీజియన్‌లోని ఓ పబ్లిక్ బకెట్ నుంచి ఏ కీ లేకుండా తెచ్చుకోవచ్చు. సంతకం వద్దని ప్యాకేజీకి విడిగా చెప్పాలి, లేకపోతే అది అలవాటు కొద్దీ కీ వెతికి, దొరక్క ఆగిపోతుంది. అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలూ అదే రీజియన్‌లో వేరే బకెట్‌లో ఉన్నాయి, అవీ ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ఆ బకెట్‌కి రిక్వెస్టర్ పేస్ అమరిక ఉంది. చిత్రానికి వెల లేదు, మోసుకెళ్లే ఖర్చు మనది. ఆ బిల్లు ఎవరి పేరన రాయాలో తెలియాలి కాబట్టి అక్కడ కీ తప్పదు. పైగా చిత్రాన్ని తెరిచే జీడాల్ లైబ్రరీకి క్రెడెన్షియల్స్ వెతుక్కునే పద్ధతి వేరే ఉంది. బోటో3 హాయిగా లాగినైపోయిన సింగిల్ సైన్ ఆన్‌ని పాత జీడాల్ వెర్షన్లు గుర్తుపట్టవు. ఒకే ప్రోగ్రామ్, సగం లోపల, సగం బయట.

మన ఊరి సంగతీ చెప్పాలి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది. పక్క వీధిలోకి డేటా వచ్చినంత సంబరపడి బకెట్ అక్కడ పెట్టాం. ముంబై రీజియన్‌లా అది పుట్టుకతో తెరిచి ఉండదు, మన అకౌంట్‌లో ఆన్ చేసుకోవాలి. చేశాక కూడా మా తాత్కాలిక టోకెన్లు చెల్లలేదు. అవి టోకెన్లు జారీచేసే ఎస్‌టీఎస్ సేవ గ్లోబల్ చిరునామా నుంచి వచ్చినవి. ఆ టోకెన్లు ఇలా ఆన్ చేసుకున్న రీజియన్లలో పనికిరావు. రీజియన్ చిరునామా నుంచే తెచ్చుకునేలా మారిస్తే పని జరిగింది.

ఇంత గొడవెందుకు, కోడ్‌లోనే కీ రాసేస్తే పోదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. అప్పుడు నేను ఊబర్ కథ ఎత్తుతాను. 2016లో దాని ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలోకి దూరినవాళ్లకు కోడ్‌లో అమెజాన్ కీ దొరికింది. ఆ కీతో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు ఎత్తుకుపోయారు. ప్రైవేటు రిపాజిటరీ సుమా! గిట్‌లో ఒకసారి కమిట్ అయిన కీని తర్వాతి కమిట్‌లో చెరిపినా చరిత్రలో ఉండనే ఉంటుంది. చెరపడం కాదు, కీని రద్దు చేయాలి. ఇక ఒక క్లయింటైతే మా ప్యాకేజీకి ఏకంగా అన్ని అధికారాలుండే రూట్ అకౌంట్ కీ మెయిల్‌లో పంపారు, నలుగురిని సీసీలో పెట్టి మరీ. వెంటనే ఫోన్ చేసి తీసేయించాను. "మీ మీద నమ్మకమండీ" అన్నారాయన.

నా మాట వింటే అసలు మనిషి చేతికి కీ ఇవ్వనే కూడదు. మనుషులు సింగిల్ సైన్ ఆన్‌తో లాగినై గంటల్లో గడువు తీరే టోకెన్ తీసుకోవాలి, సర్వర్లు రోల్‌తో నడవాలి. రోల్ కీలు వాటంతటవే మారిపోతుంటాయి, బోటో3 కూడా చూసుకుని కొత్తవి తెచ్చుకుంటుంది. అలాగని రోల్‌కి తిరుగులేదనుకోవద్దు. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు ఫైర్‌వాల్ అమరికలోని లోపం పట్టుకుని సర్వర్ రోల్ కీనే బయటికి లాగారు, అమెరికాలోనే సుమారు 10 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ ఏడాది నవంబరులో అమెజాన్, సర్వర్ తన రోల్ కీని అడిగే పద్ధతికి ముందుగా టోకెన్ తీసుకోవాలనే మెట్టు ఒకటి చేర్చింది. మా సర్వర్లలో పాత పద్ధతి మూసేశాను.

ఇంకా కొన్ని పాత కీలు మిగిలాయి, వాటిని మార్చే పని నాదే. ఒక యూజర్‌కి ఒకేసారి రెండు కీల దాకా ఉండొచ్చు, మార్చుకోవడానికి ఆ వెసులుబాటు చాలు. కొత్తది అమర్చి, పాతది చివరిసారి ఎప్పుడు వాడారో అమెజాన్ యూజర్లు, అనుమతులు చూసుకునే ఐఏఎమ్‌లో చూసి, ఇనాక్టివ్ చేస్తాను. డిలీట్ మాత్రం చేయను, నెలాఖరు దాటనిస్తాను. నెలకోసారి మాత్రమే నడిచే స్క్రిప్టు ఎక్కడో ఒకటి ఉండనే ఉంటుంది. పోయినసారి అకౌంట్స్ నుంచి ఫోన్: "మేడమ్, రిపోర్టు రావట్లేదు." కీ మళ్లీ యాక్టివ్ చేశాను, ఆయన రిపోర్టు ఆయనకు వెళ్లింది. ఆ స్క్రిప్టు నడిచే సర్వర్ ఏదో కనుక్కుని దానికి రోల్ అమర్చడం ఈ వారం పని.