నక్షత్రాలు ఎక్కిన రోడ్డు

మకాయ్, క్వీన్స్‌లాండ్
ఆస్ట్రేలియా

పెదనాన్నగారికి,

మీకక్కడ జూలై అంటే ఉడుకులూ వానలూ, ఇక్కడేమో చలికాలం. బ్రిస్బేన్‌లో బయల్దేరి బ్రూస్ హైవే పట్టుకుని ఉత్తరంగా వస్తున్నాం. కెయిర్న్స్ దాకా వెళ్తే ఈ రోడ్డు దాదాపు 1,680 కిలోమీటర్లు. 1930లలో ఈ రాష్ట్రానికి పనుల శాఖ మంత్రిగా ఉన్న హెన్రీ ఆడమ్ బ్రూస్ పేరు దీనికి పెట్టారు. మకాయ్ చుట్టూ ఎటు చూసినా చెరకే. మన అనకాపల్లి వైపులాగా ట్రాక్టర్ల వరస మాత్రం కనబడదు. రెండడుగుల వెడల్పు పట్టాల మీద బుల్లి రైళ్లు చెరకు మోస్తాయి. అవి హైవేకే అడ్డం పడి దాటిపోతుంటే, రెండేసి ట్రైలర్లు తగిలించుకున్న లారీలు కూడా నోరెత్తకుండా ఆగుతాయి.

ఆర్టీసీలో అన్నేళ్లు స్టీరింగు పట్టిన మీకు రాయాల్సిన అసలు వింత వేరే ఉంది. హోటళ్లకి ఇచ్చినట్టు ఇక్కడ రోడ్లకి నక్షత్రాలు ఇస్తారు. ఒకటి వస్తే అధమం, ఐదు వస్తే ఉత్తమం.

ఎలాగంటారా? కెమెరాలు బిగించిన బండి రోడ్డంతా తిరిగి ఫొటోలు తీస్తుంది. వాటిని ముందేసుకుని ప్రతి 100 మీటర్ల ముక్కకీ యాభైకి పైగా సంగతులు రాస్తారు. లేన్ ఎంత వెడల్పు, మలుపు ఎంత వంపు, తారు అంచు నుంచి మొదటి చెట్టు ఎంత దూరం, ఎదురుబండికీ మనకీ మధ్య ఉన్నది గీతా, కంచా, పక్కన నడిచేవాళ్లకి దారి ఉందా లేదా. వీటికి బళ్ల వేగం కలిపి లెక్క కడతారు. అదీ కార్లవాళ్లకి, మోటారుసైకిళ్లకి, సైకిళ్లకి, నడిచేవాళ్లకి విడివిడిగా. కారులో పోయేవాడికి నాలుగు నక్షత్రాల రోడ్డు, అదే రోడ్డు దాటే ముసలమ్మకి ఒక్క నక్షత్రమే కావచ్చు. ఐరాప్ అనే అంతర్జాతీయ సంస్థ పద్ధతి ఇది. ఆస్ట్రేలియాలో ఆస్‌రాప్ అంటారు. ఒక్కో నక్షత్రం పెరిగినకొద్దీ చావు, తీవ్ర గాయాల ముప్పు ఇంచుమించు సగమవుతుందని వాళ్ల లెక్క.

ఆ యాభై సంగతుల్లో ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అన్న మాటే లేదు, గమనించారా? మనిషన్నాక కునుకు పడుతుంది, ఫోను మోగితే చూపు మళ్లుతుంది. ఆ ఒక్క క్షణానికి ప్రాణమే మూల్యం కాకుండా రోడ్డు ఏం చేసిందన్నదే వీళ్లు అడిగే ప్రశ్న.

దానికి జవాబు దారిలోనే కళ్లారా చూశాను. గింపీ అనే ఊరిని తప్పిస్తూ 2024లో కొత్త బైపాస్ తెరిచారు. నాలుగు లేన్లు, పోయే దారీ వచ్చే దారీ వేరువేరు. అది దాటి కొంతదూరం పోయాక మళ్లీ రెండు లేన్ల రోడ్డే. గంటకి నూరు కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే బళ్ల మధ్య వట్టి రంగు గీత ఉంటే, తారు ఎంత నున్నగా ఉన్నా నక్షత్రాలు పెరగవు. మొత్తం రోడ్డుని నాలుగు లేన్లు చెయ్యడానికి డబ్బేది? అందుకని చాలాచోట్ల నడిమి గీతని రెండు చేసి, మధ్యలో మీటరు ఖాళీ వదిలారు. గీతల మీద బుడిపెలు వేశారు. చక్రం వాటిమీదకి ఎక్కిందో, కారంతా గర్రుమని అదిరి నిద్రమత్తు వదిలిపోతుంది. మీటరు ఎంతని అనిపిస్తుంది గాని, బండిని సర్దుకోవడానికి ఆ కాస్తే చాలా ఎక్కువ.

నిద్ర సంగతి వచ్చింది కనక ఇంకో విడ్డూరం. ఊరూ పేరూ లేని పొడవాటి దారిలో బోర్డు మీద పొడుపు ప్రశ్న వేస్తారు: ‘క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పుష్పం ఏది?’ జవాబు కావాలంటే ఇంకొన్ని కిలోమీటర్లు మెలకువగా నడపాల్సిందే. కుక్‌టౌన్ ఆర్కిడ్ అట. సెలవుల రోజుల్లో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు రోడ్డు పక్కన డ్రైవర్లకి టీ, బిస్కెట్లు ఉచితంగా ఇస్తారు.

అంతా బాగుందనుకోకండి. బ్రూస్ హైవే మీద ఒకటీ రెండూ నక్షత్రాల ముక్కలు ఇంకా బోలెడున్నాయి. కాకపోతే అవి ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తోంది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ ఒక్క రోడ్డు భద్రతకే 720 కోట్ల డాలర్లు ప్రకటించింది. డబ్బు చేరేలోగా చెయ్యగలిగిందీ ఒకటుంది. వేగ పరిమితి తగ్గించి, బళ్లు నిజంగా నెమ్మదిస్తే, అదే రోడ్డుకి మార్కులు పెరుగుతాయి. జనానికి నచ్చని మందు అదే.

మన దగ్గర ఒక రోడ్డు ముక్క ప్రమాదకరమైన ‘బ్లాక్ స్పాట్’ అనిపించుకోవాలంటే ఏం జరగాలో మీకు తెలుసు. 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది పోవాలి. అంటే చావులో తీవ్ర గాయాలో జమ అయితే గాని ఆ పేరు రాదు. ఈ నక్షత్రాల లెక్కకి ఒక్క శవమూ అక్కర్లేదు. ఇది మనవాళ్లకి తెలియనిదీ కాదు. 2010 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు అండతో నాలుగు రాష్ట్రాల రోడ్లని ఇలా కొలిచినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 2018లో మన దేశానికి ఇదే పద్ధతితో ఇండియారాప్ కూడా వచ్చింది. 2030 నాటికి కొత్త రోడ్లన్నీ భద్రతా ప్రమాణాలకి తగ్గట్టు గానీ, కనీసం మూడు నక్షత్రాలతో గానీ ఉండాలని ఐక్యరాజ్యసమితి దేశాలు ఒప్పుకున్నాయి.

మీరో పని చేసిపెట్టాలి. చోడవరం రూటులో తిరిగినన్నాళ్లూ ఏయే మలుపు దగ్గర, ఏ చెట్టు దగ్గర, ఏ బడి ముందు మీ కాలు దానంతటదే బ్రేకు మీదకి పోయేదో ఒక కాగితం మీద రాసిపెట్టండి. నేను రాగానే ఇద్దరం వెళ్లి రోడ్ల శాఖ ఆఫీసులో ఇద్దాం. అక్కడ ఎంతమంది పోయారని అడిగితే, ఇంకా ఎవరూ పోలేదు, అందుకే ఇప్పుడొచ్చాం అని చెబుదాం.



ఇట్లు
మీ అబ్బాయి