బంతియాట పిల్లలతో బెల్జియము ప్రయాణము

కాశీ రామేశ్వరములకు పోయివచ్చిన వారి యాత్రావృత్తాంతములను మీరు పెక్కు చదివియుందురు. నేను వ్రాయబూనినది అట్టి యాత్ర కాదు. పండ్రెండుగురు బాలికలను వెంటబెట్టుకొని, వారి కాలిబంతి పందెములకై నాలుగు దినములు పరదేశమునకు పోయివచ్చిన సంగతి యిది. ఆడుపిల్లలు గల తల్లులకు దీనివలన కొంత ప్రయోజనము కలుగునేమో యని వ్రాయుచున్నాను.

మావారు ఇంగ్లండు దేశమున కెంటు సీమయందొక పాఠశాలలో గణితోపాధ్యాయులు. మేమిచ్చటికి వచ్చి నాలుగేండ్లైనది. మా యమ్మాయికి పదునొకండేండ్లు. ఊరిలోని బాలికల జట్టులో చేరి ప్రతి యాదివారమును బంతియాట లాడును. గోలు ముందు నిలిచి, వచ్చిన బంతినెల్ల నాపుట దాని పని. మా యత్తగారు రాజమహేంద్రవరమునుండి టెలిఫోనులో మాటాడినప్పుడెల్ల, "పెద్దదవుతున్న పిల్ల, ఆ నిక్కరు వేసుకుని బురదలో దొర్లడం ఏమిటే అమ్మాయీ?" అని యడుగుచుండిరి. నిజము చెప్పవలెనన్న, నా మనస్సులోను ఆ మాటయే యుండెను. "ఈ ఈస్టరు సెలవులతో మాన్పించేస్తానండీ, అత్తయ్యగారూ" అని వాగ్దానము చేసితిని. మావారితో చెప్పగా, "ముందు పిల్లను అడుగు" అని యూరకుండిరి. నేను అడుగలేదు.

ఇంతలో జట్టువారు బెల్జియము దేశమున జరుగు రెండు దినముల పందెములకు పోవ నిశ్చయించిరి. పెద్దవారు నలుగురైనను తోడు పోవలెను. పిల్లల సంరక్షణకు పూనుకొనువారి పూర్వచరిత్రను విచారించి పత్రమిచ్చుట ఈ దేశపు పద్ధతి. నాకా పత్రము కలదు గనుక నన్నును రమ్మనిరి. తక్కిన బాలికలకు ఈ దేశపు పాస్‌పోర్టులు గలవు గనుక కొలది దినములకు వీసా యక్కఱలేదు. మా యిద్దఱివి భారతదేశపు పాస్‌పోర్టులు. వీసాకై కాగితములిచ్చి వేచియుంటిమి. ప్రయాణమిక నాలుగు దినములున్నదనగా అవి వచ్చినవి. అవి రాకపోయినచో పిల్లను మాన్పించిన పాపము నాకు తగులకుండ పోవునుగదా యని ఒక దుర్బుద్ధి నాకు పుట్టిన మాట దాచను.

భోజనము మాట చెప్పెదను. పులిహోర, కందిపొడి, ఆవకాయ సిద్ధము చేసికొంటిని. నేయి, పెరుగు మాత్రము విడిచితిని. ఇంగ్లండునుండి యూరపు సమాఖ్య దేశములకు పోవు ప్రయాణికులు పాలతో చేసినవి గాని, మాంసము గాని తీసికొనిపోరాదని 2021 మొదలు నిర్బంధము.

శుక్రవారము తెల్లవాఱకమునుపే బస్సులో డోవరు రేవునకు చేరితిమి. ఫ్రెంచి యధికారులు ఇంగ్లండు గట్టుననే కూర్చుండి పాస్‌పోర్టులు పరీక్షింతురు. తల్లిదండ్రులు వ్రాసి యిచ్చిన సమ్మతిపత్రముల కట్టను నేను గుండెకు హత్తుకొని నిలిచితిని. పరుల బిడ్డలు మన చేతిలో నున్నప్పుడు ప్రతి తలయు వేయిమాఱులు లెక్కపెట్టుకొందుము. బస్సు ఓడ కడుపులోనికి పోయినది. మమ్ము దింపి పై యంతస్తునకు పంపిరి. వెనుకకు చూడగా సున్నపు గోడవలె తెల్లని కొండలు మెల్లగా దూరమైనవి. ఇచ్చట సముద్రము మిక్కిలి యిఱుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లే. ఐనను ఆవలి కలే రేవు చేరుటకు గంటన్నర పట్టును. అలలకు ఇద్దఱు పిల్లలకు కడుపులో త్రిప్పినది. నా సంచిలోని శొంఠిముక్కలు అప్పుడు పనికివచ్చినవి.

కలేలో గడియారములను గంట ముందునకు త్రిప్పుకొంటిమి. బస్సు దారికి కుడిప్రక్కను నడువసాగినది. ఫ్రాన్సునుండి బెల్జియములోనికి ఎప్పుడు వచ్చితిమో నాకు తెలియనే లేదు. ద్వారము లేదు, భటుడు లేడు, దారిప్రక్క నొక పలక మాత్రమున్నది. కొన్ని వారములు నన్ను నిద్రపోనీయని యెల్ల ఇంతేకదా యని నవ్వు వచ్చినది.

అది మన గోదావరి డెల్టావలె చదునైన నేల. కాలువలు, పచ్చికబయళ్ళు, ఎఱ్ఱ ఇటుకల యిండ్లు. మేము దిగిన బసకు ఎదుటనే వేపుళ్ళ అంగడి యొకటి కలదు. బంగాళాదుంప ముక్కలను రెండుమాఱులు వేచి కాగితపు పొట్లములలో నిత్తురు. పిల్లలు నాకొక పొట్లము తెచ్చి యిచ్చిరి. ఒక ముక్క నోటిదాక పోనిచ్చి, ఎందుకో అనుమానించి అడుగగా, ఈ దేశమున పూర్వాచారముగా పెక్కు అంగళ్ళలో ఎద్దుకొవ్వుతో వేతురని ఆ యంగడియామె చెప్పినది. పొట్లమును పిల్లలకే యిచ్చి, నా పులిహోర నేను తింటిని. నూనెతో వేచు అంగళ్ళును కలవు. అడిగి తెలిసికొనుట మనవంతు.

శనివారము ఉదయమే మైదానమునకు పోయితిమి. ఒక పెద్ద బయలులో సున్నపు గీతలతో చిన్న చిన్న మైదానములు గీచియుండెను. ఇంగ్లండులో ఈ వయస్సు పిల్లలు తొమ్మండుగురేసి యాడుదురు. ఇచ్చట ఎనమండుగురే. కాబట్టి మఱియొక బాలిక గట్టున నిలువవలసివచ్చెడిది. పిల్లలు వంతులు వేసికొని, ఎవరును అలుగకుండ ఆ చిక్కును తీర్చుకొనిరి. నేను ఎక్కువగా చూచినది ఆటను కాదు, చూపరులను. ముసలమ్మలు మడతకుర్చీలు తెచ్చుకొని, కాఫీ సీసాలు ఒడిలో నుంచుకొని, మనుమరాండ్ర పేర్లు పెట్టి గొంతు బొంగురుపోవునట్లు కేకలు వేయుచుండిరి. వారి భాష నాకు రాదు. కాని అవి మందలింపులు కావని తెలిసినది. మా యత్తగారు నా కన్నులయెదుట మెదలిరి.

మావాళ్ళు ఆనాడు ఒక ఆట ఓడి, ఒకటి సమముచేసి, ఒకటి గెలిచిరి. బురదయైన మేజోళ్ళు ఇరువదినాలుగు నేనే యుతికి ఆరవేసితిని.

సాయంకాలము పిల్లలను ఈపరు పట్టణమునకు తీసికొనిపోయితిమి. మొదటి ప్రపంచయుద్ధమున ఈ పట్టణము నేలమట్టమై, మరల పూర్వరూపముననే కట్టబడినది. మెనిన్ ద్వారమను గొప్ప తోరణము గోడలపై, సమాధియైనను దొరకని సైనికులు 54,000 మందికి పైగా పేర్లు చెక్కియున్నారు. 1928 మొదలు ప్రతి సాయంకాలము ఎనిమిది గంటలకు అచ్చట బాకా లూది వారిని స్మరింతురు. రెండవ యుద్ధమున శత్రువులు ఊరిని ఆక్రమించిన కాలమున తప్ప ఆ యాచారము మానలేదట. గోడలపై సిక్కు, పఠాను, బలూచీ పటాలముల వారి పేర్లును కలవు. 1914లోనే వారిలో కొందఱు సముద్రములు దాటి ఇచ్చటికి వచ్చి పోరాడిరి. "అమ్మా, వీళ్ళు మనవాళ్ళేనా?" అని మా యమ్మాయి యడిగినది. ఔనంటిని. అది తన టోపీ తీసి చేతిలో పట్టుకొన్నది. బాకా మ్రోగినంతసేపు, దినమంతయు గంతులు వేసిన ఆ పండ్రెండుగురిలో ఒక్కతెయు కదలలేదు.

తిరుగుదారిలో జట్టు శిక్షకురాలు పిల్లలకొక కథ చెప్పినది. ఆ యుద్ధకాలమున పురుషులు పోరునకు పోగా, ప్రెస్టను పట్టణమున డిక్ కెర్ అను కర్మాగారములో స్త్రీలు ఫిరంగిగుండ్లు చేయుచు, విరామవేళల బంతియాట నేర్చిరి. 1917 క్రిస్మసునాడు గాయపడిన సైనికుల వైద్యశాలకు ధనము కూర్చుటకై ఆడిరి. 1920లో ఫ్రాన్సునకు పోయి, ఈ చోటికి దూరముకాని రూబే పట్టణమునను ఆడిరి. ఆ యేటి డిసెంబరు 26న లివర్‌పూలులో వారి యాట చూచుటకు 53,000 మంది వచ్చిరి. మఱుసటి యేడు డిసెంబరులో ఆ దేశపు బంతియాట సంఘమువారు, ఈ యాట స్త్రీలకు తగదని తమ మైదానములలో వారిని ఆడనీయరాదని శాసించిరి. ఆ శాసనము సుమారు 50 ఏండ్లు నిలిచినది. 2022లో ఇంగ్లండు స్త్రీలు యూరపు విజేతలైననాడు వెంబ్లీలో 87,192 మంది చూచిరనగా పిల్లలు చప్పట్లు చఱచిరి. నేను చఱచలేదు. "ఆడుపిల్లకు తగదు" అన్న ఆ మాట నేనెచ్చటనో విన్నట్లుండెను. అది నా నోటినుండియే వినియుంటిని.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. చిన్ననాడు మా నాయనగారు కేతన దశకుమారచరిత్రమును చదివి చెప్పుచుండగా కందుకావతి కథ వింటిని. రాజపుత్రి, ప్రజలెల్ల చూచుచుండగా, వింధ్యవాసినీదేవి యెదుట బంతియాడి కొలుచును. అది కాలిబంతి కాదు. సద్గుణవంతుడగు భర్త కొఱకు చేసిన వ్రతమే. ఐనను పదిమందిలో బంతియాడుట కన్నెకు తగదని ఆ కథలో ఎవరును అనలేదు. ఆ ఘట్టమును తలఊపుచు విన్న నేనే, నా కూతురి బంతిని దాచివేయబూనితిని. నేడు మన నిజామాబాదు సీమనుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారతజట్టున ఆడినదని విన్నప్పుడు సంతోషించినదానను. పరుల కూతురైనచో సంతోషము, మన కూతురైనచో భయము!

ఆదివారము వాన కుఱిసినది. కడపటి యాటలో ఇరుప్రక్కల గోలు లేదు. ముగియుటకు కొంచెము ముందు ఎదుటి జట్టు పిల్ల దూరమునుండి తన్నిన బంతి, పెద్ద వేగమైనది కాదు, మా యమ్మాయి చేతులలో పడి జాఱి, కాళ్ళసందునుండి గీత దాటిపోయినది. ఆ యొక్క గోలుతోనే ఓడిరి. అది బురదలో మోకాళ్ళపై కూలబడి యేడ్చినది. ఆ క్షణమున నాకు కలిగిన మొదటి తలంపు ఏమనుకొంటిరి? "ఇక ఇదే మానివేయును, నేను చెప్పనక్కఱలేదు" అని! కన్నతల్లికి రాదగిన తలంపా అది? ఎదుటి జట్టు గోలు కాచు పిల్ల మైదానమంతయు నడిచివచ్చి దానిని లేవనెత్తి, తన తొడుగుల చేయి దాని చేతికి తట్టిపోయినది. నేనింకను గట్టుననే నిలిచియుంటిని.

బస్సులో నా ప్రక్కన కూర్చుండి చాలసేపు మాటాడలేదు. తరువాత తడిచేతితొడుగులు పిండుచు, "అమ్మా, తడిసినప్పుడు వీటితో బంతి ఎలా పట్టుకోవాలో నేర్చుకోవాలి. పెరట్లో రోజూ నీళ్ళు పోసి నువ్వు బంతి విసురుతావా?" అని యడిగినది. విసిరెదనంటిని. మాట యిచ్చుటలో నేను తొందరపాటుదానను. కాని ఈ మాట మాత్రము నిలుపుకొనదలచితిని.

సోమవారము రాత్రి ఇల్లు చేరితిమి. మఱునాడు అత్తగారికి టెలిఫోను చేసి, నా మొదటి మాట నిలుపుకొనజాలనని చెప్పితిని. కారణములు పెక్కు చెప్పవలెననుకొంటిని గాని, కుర్చీలలో కూర్చున్న ముసలమ్మల సంగతి మాత్రమే చెప్పగలిగితిని. వారు చాలసేపు పలుకలేదు. కోపించిరనుకొంటిని. కడకు, "పిల్ల మోకాలికి పసుపు రాశావటే?" అని యడిగిరి. రాసితినంటిని. "వచ్చే వేసవికి మీరు వచ్చినప్పుడు, ఆ బంతి కూడా తెమ్మను. ఏమి ఆటో నేనూ చూస్తాను" అనిరి.

చేతితొడుగులు పెరటిలో తీగపై ఆరుచున్నవి. సాయంకాలమున వానిని మరల తడుపవలసియున్నది.