అమ్మీ అడిగిన బండ

కొత్తింటి గుసుల్‌ఖానాకు తెల్లగా మెరిసే టైల్స్, బావర్చీఖానా గట్టుకు నల్ల గ్రానైట్ ఖరారు చేశాం. కమోడ్ ఖిబ్లా వైపు రాకుండా ఉత్తర దక్షిణాలుగా పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పాను. ఇక ఫికర్ లేదనుకున్నా.

అమ్మీ టైలు మీద చెంబుడు నీళ్లు పోసి పాదం మోపింది. "దీని మీద వుజూ ఎట్ల చేస్తం బేటా?" అంది.

అబ్బా గుర్తొచ్చారు. పాతింట్లో ఫజర్ వుజూకెళ్లి జారిపడ్డారు. తుంటి విరిగింది. ఇంతెఖాల్ దాకా కుర్చీలోనే నమాజు.

టైల్స్ గోడలకే వేయించాం. కింద పాలిష్ పట్టని తాండూరు బండ, కూర్చోడానికి గట్టు, అందేంత ఎత్తులో నల్లా, పట్టుకోడానికి స్టీలు కడ్డీ.

మెహమాన్లు గోడల్నే తారీఫ్ చేస్తారు. అమ్మీ మాత్రం ఫజర్‌కు లేచి, ఎవర్నీ పిలవకుండా వుజూ చేసుకుంటోంది.