నాలుగు హద్దురాళ్లు

మా నాన్నకి ఫోటోలంటే సరదా లేదు. రేషన్ కార్డు కోసం తప్ప కెమెరా ముందు నిలబడిన మనిషి కాదు. అట్లాంటిది పోయిన సంక్రాంతి సెలవుల్లో నన్ను పిలిచి, "ఒరేయ్, మీ కాలేజీ కెమెరా తెచ్చానన్నావు గదా. కాలవ పక్క చేను ఒక ఫోటో తియ్యి. నాలుగు హద్దురాళ్లూ పడాలి" అన్నాడు. బోరు అప్పు తీర్చడానికి ఆ అరెకరం బేరం పెట్టేశాం. రిజిస్ట్రేషనుకి ఇంకా ఇరవై రోజులుంది.

మా ఫోటో క్లబ్బులో ఒక పాత ఫిల్మ్ కెమెరా, 24 మి.మీ. వైడ్ యాంగిల్ లెన్సు, కోకిన్ ఫిల్టర్ల హోల్డరు ఉన్నాయి. 1978లో ఒక ఫ్రెంచి ఫోటోగ్రాఫరు తెచ్చిన పద్ధతి ఇది. లెన్సుకి రింగు బిగించి, దానికి ప్లాస్టిక్ హోల్డరు తొడిగి, గాడుల్లోకి పలకల్లాంటి ఫిల్టర్లు జారుస్తారు. పై సగం మసక, కింది సగం తేట ఉన్న ఫిల్టరు పెడితే తెల్లవారు ఝామున ఆకాశం వెలిసిపోదు, మినుము చేను నల్లబడదు. కాలవ కట్ట మీద నిలబడి ముచ్చటపడి తీశాను.

ఫిల్మ్ హైదరాబాదు పంపి కడిగిస్తే ఏముంది? నాలుగు మూలలూ నల్లగా మసి పూసినట్టున్నాయి. దూరపు రాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. దగ్గరి రెండూ ఆ నలుపులో కలిసిపోయాయి. నాన్న ఫోటో అటూ ఇటూ తిప్పి, "మూలలు ఏవిరా?" అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు.

తప్పు హోల్డరుది. 50 మి.మీ. లెన్సు మూల నుంచి మూలకి సుమారు 47 డిగ్రీలు చూస్తే, 24 మి.మీ. లెన్సు 84 డిగ్రీలు చూస్తుంది. మూడు గాడులతో ముందుకు పొడుచుకొచ్చిన హోల్డరు అంచులు దాని చూపుకి అడ్డం పడ్డాయి. వ్యూఫైండరు ఫ్రేము మొత్తం చూపించదు కాబట్టి అప్పుడు నాకు తెలియలేదు.

హాస్టల్ గదిలో తలుపేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన యాక్సా బ్లేడుతో ముందు గాడులు రెండూ కోసేశాను. ఉప్పు కాగితంతో అంచులు రుద్ది, మెరవకుండా నల్లరంగు పూశాను. ఒక గాడి చాలు, నా దగ్గరున్నది ఒక్క ఫిల్టరేగా. లెన్సుకీ రింగుకీ మధ్య ఉన్న యూ.వీ. ఫిల్టరు కూడా తీసేశాను. పని బాగానే కుదిరింది గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హోల్డరు నాది కాదు, అడగనూ లేదు.

మర్నాడు ఫిజిక్సు మాస్టారి ముందు పెట్టి, "స్కాలర్‌షిప్పు రాగానే డబ్బు కట్టేస్తానండీ" అన్నాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "ఎంత కోశావు?" అన్నారు. "ఎనిమిది మిల్లీమీటర్లండీ." "ఎందుకు ఎనిమిది?" నా దగ్గర జవాబు లేదు. సుద్దముక్క చేతికిచ్చారు. సగం కోణం 42 డిగ్రీలు, దాని టాంజెంటు 0.9. అంటే హోల్డరు ఒక మిల్లీమీటరు ముందుకొస్తే చూపు ఒక్కో పక్కకి 0.9 మిల్లీమీటరు విప్పారుతుంది. ఎనిమిది కోస్తే ఏడు మిల్లీమీటర్లకి పైగా కలిసొచ్చింది. "ఒక్క గాడి హోల్డరు కంపెనీవాళ్లే చేస్తారు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నారు మాస్టారు. డబ్బు తీసుకోలేదు. "వైడ్ యాంగిల్‌కి మాత్రమే" అని చీటీ అంటించి బీరువాలో పెట్టారు. శనివారం మళ్లీ నా చేతికిచ్చారు.

రిజిస్ట్రేషనుకి నాలుగు రోజుల ముందు అదే కట్ట మీద, అదే వేళకి తీశాను. ఈసారి మూలలు తేటగా వచ్చాయి. ఫోటో చేతికొచ్చేసరికి చేను మాది కాదు. నాన్న ఒక్కో రాయి మీదా వేలు పెట్టి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత దాన్ని పాత పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టి ట్రంకుపెట్టెలో దాచాడు.

ఆ హోల్డరు ఇప్పటికీ క్లబ్బు బీరువాలోనే ఉంది. జూనియర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వాడుకోండి. కోయాల్సింది ఇంకేదైనా కనిపిస్తే మాత్రం ముందు లెక్క వేయండి. అంతకన్నా ముందు అడగండి.