గ్లాసు కడిగి చూడు అల్లుడా

మాది జగిత్యాల. ఇంటర్ కోరుట్లలో. సెలవులొస్తే మాత్రం మకాం సిరిసిల్లలోనే, మామయ్య పనిచేసే అద్దకం కార్ఖానాలో. లంగాల గుడ్డకి వాడే నూలుకి అక్కడ రంగులద్దేవాళ్ళు. తొట్టిలోంచి గ్లాసుతో కాస్త రంగు ముంచి, తెల్లగుడ్డకి ఎదురుగా పట్టి చూసి, "ఇంక జరంత పడాలె" అనేవాడు మామయ్య. ఇంజనీరింగ్ చదివాక అదంతా నాటు పద్ధతి అనిపించింది లెండి :)

తీరా చూస్తే నా ఉద్యోగమూ అదే! ఎలక్ట్రోలెస్ నికెల్ పూత వేసే తొట్టిలో లీటరుకి సుమారు 6 గ్రాముల నికెల్ ఉండాలి. పూత పడేకొద్దీ అది తగ్గిపోతుంటుంది. ఆ ద్రావణం ఆకుపచ్చగా ఉంటుంది, ఎరుపు వెలుగుని మింగుతుంది. ఒక పక్క ఎల్‌ఈడీ, ఇంకో పక్క ఫోటోడయోడ్. వెలుగు ఎంత తగ్గితే నికెల్ అంత ఎక్కువున్నట్టు. 1852లో బీర్ చెప్పిన సూత్రమే. ఆ అంకె చూసి నికెల్ పంపు నడిపే కోడ్ నాది.

ఒక క్లయింటు దగ్గర పూత పలచబడింది. అక్కడి ల్యాబు కెమిస్టు ఈడీటీఏతో టైట్రేషన్ చేసి, "నాలుగున్నరే ఉంది సార్" అన్నాడు. నేను నా గ్రాఫు చూపించా... 6.1 దగ్గర గీత గీసినట్టు తిన్నగా ఉంది. అందరూ గ్రాఫునే నమ్మారు. "టైట్రేషన్ కూడా సరిగ్గా చేయడం రాదా" అని వాళ్ళ మేనేజరు ఆయన్ని అందరి ముందూ తిట్టాడు. నేను నోరెత్తలేదు.

మూడోరోజు సెన్సర్ విప్పితే, అద్దం మీద పలచటి నికెల్ పొర! వెలుగుని ఆపుతున్నది ద్రావణం ఒక్కటే కాదు, ఆ పొర కూడా. వెలుగు తగ్గింది కదా, నికెల్ దండిగా ఉందనుకుని నా కోడ్ పంపుని ఆపేస్తూ వచ్చింది.

ఇప్పుడు నికెల్ పెద్దగా మింగని ఆకుపచ్చ వెలుగుతో కూడా కొలుస్తున్నాం. రెండు వెలుగులూ కలిసి తగ్గితే అద్దం మురికి పట్టిందన్నమాట. రోజూ టైట్రేషన్ అంకె ఎంటర్ చేయకపోతే అలారం మోగుతుంది. తప్పు నాదేనని మేనేజరుకి మెయిలు పెట్టి, కెమిస్టుకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పా. "పర్లేదు సార్" అన్నాడు. కానీ ఆ తిట్లు వెనక్కి పోవు కదా.

మొన్న దసరాకి ఇదంతా చెబితే మామయ్య నవ్వాడు.

"రంగు సూసే ముందట నేను గ్లాసు కడుగుత గదా. చిన్నప్పటి సంది సూస్తున్నవ్, గదొక్కటి సూడలేదా అల్లుడా?"

నిజమే, చూళ్ళేదు.