మిషను ఉన్న చిరునామా

2024 ఆగస్టు 31, శనివారం. శ్రావణమాసం ఆఖరికొచ్చింది. ఇంకో వారంలో వినాయక చవితి. విజయవాడ సింగ్‌నగర్‌లో ఓ అద్దింటి ముందుగదిలో రాత్రి పదకొండు దాటినా ఎంబ్రాయిడరీ మిషను ఆగలేదు. కరెంటు పోతోంది, వస్తోంది. వచ్చినప్పుడల్లా ఆమె మళ్లీ దారం సరిచూసి మీట నొక్కుతోంది. బయట పొద్దుటినుంచీ ఒకటే వాన. వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. పెళ్లికూతురి జాకెట్టు ఒకటి తెల్లారేసరికి ఇచ్చేయాలి. చేతులకి నెమళ్లు, వీపుకి పల్లకీ.

పల్లకీ పూర్తయింది గానీ పెళ్లివాళ్లు రాలేకపోయారు. తెల్లారేసరికి బుడమేరు వీధిలోకొచ్చింది.

మొదట వాకిట్లో చీలమండల లోతు. 'ఎప్పుడూ వచ్చేదేగా, పోతుందిలే' అన్నాడు భర్త. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు, 2005లోనూ ఇలాగే ముంచింది. ఆ అనుభవంతోనే ఆమె ముందు కుట్టుమిషన్ల తలకాయలు ఊడదీసి మంచం మీద పెట్టింది. తర్వాత కస్టమర్ల జాకెట్లు, చీరలు రెండు దుప్పట్లలో మూటగట్టి మేడమీద ఇంటిగల మామ్మగారి వాటాలో పడేసింది. కొలతల పుస్తకం జాకెట్లో దోపుకుంది. ఎంబ్రాయిడరీ మిషను మాత్రం నలుగురు పడితేగానీ కదలదు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. మధ్యాహ్నానికి మంచమే మునిగింది.

తర్వాత కథ అందరూ టీవీలో చూసిందే. బుడమేరుకు గండ్లు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, పడవల్లో పాల ప్యాకెట్లు. ఆ కుటుంబం మామ్మగారి వాటాలోనే రోజులు వెళ్లదీసింది. నీళ్లు తీశాక కిందికి దిగితే గదిలో మోకాటి కింద వరకూ బురద. మిషను తెర మీద నీటి గీత. మోటారు, బోర్డు, వాటి సందుల్లో నల్లటి ఒండ్రు. మెకానిక్ వచ్చి మూత విప్పి, మళ్లీ బిగించేశాడు. 'బోర్డు పోయిందక్కా. మోటార్లు కూడా చెప్పలేను' అన్నాడు. బాగుచేయడానికి అతను చెప్పిన అంకె విని భర్త గడప మీద కూర్చుండిపోయాడు. కింది అంతస్తులో మునిగిన కుటుంబాలకు ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. అది మంచాలకు, పరుపులకు, పొయ్యికి సరిపోయింది.

అప్పటికీ ఆమెకొక ధైర్యం ఉంది. మిషనుకు ఇన్సూరెన్సుంది.

ఆ సంగతి ఆమెకు తెలిసింది పాస్‌బుక్కులోంచి. 2019లో గవర్నర్‌పేటలో చిన్న షట్టరు అద్దెకు తీసుకుని, ముద్ర రుణం మీద ఈ మిషను కొన్నది. నాలుగున్నర లక్షలు. అప్పిచ్చిన బ్యాంకే బీమా కూడా చేయించింది. ఏటా ఒకసారి ఖాతాలోంచి ప్రీమియం కోసుకునేది. పాలసీ కాగితం ఆమె ఎన్నడూ చూడలేదు. అడగాలని తోచలేదు కూడా. (మనలో ఎంతమంది చూశారు?) 2020లో లాక్‌డౌన్ వచ్చింది, షట్టరు మూతపడింది, అద్దె మాత్రం ఆగలేదు. నాలుగు నెలలు చూసి మిషనును ఆటో ట్రాలీ ఎక్కించి ఇంటికి తెచ్చేసుకుంది. ముందుగది పనిగది అయింది. పిల్లల చదువుల బల్ల వంటింట్లోకి పోయింది. ఇల్లే కొట్టు కావడం మొదట్లో నామోషీగా ఉన్నా తర్వాత హాయిగానే ఉంది. అద్దె లేదు, పొద్దున కూర పొయ్యి మీద పెట్టి వచ్చి దారం ఎక్కించుకోవచ్చు.

సర్వేయరు వచ్చాడు. మర్యాదస్తుడు. బురదలో చెప్పులు విప్పి లోపలికొచ్చి, మిషనును నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాడు. కొన్న బిల్లు అడిగాడు, మెకానిక్ ఎస్టిమేటు అడిగాడు. చివర్న పాలసీ తీసి చదువుతూ ఆగిపోయాడు.

'అమ్మా, ఇందులో గవర్నర్‌పేట షాపు అని ఉంది. మిషను ఇక్కడ ఉందేంటి?'

'షాపు ఖాళీ చేసి నాలుగేళ్లయింది సార్. ఇంట్లోనే పెట్టుకుని చేసుకుంటున్నా.'

'ఎవరికైనా రాసిచ్చారా?'

'బ్యాంకులో చెప్పాను సార్.'

'చెప్పడం కాదమ్మా, రాసిచ్చారా?'

ఆమె మాట్లాడలేదు. ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు. కాగితం మడుస్తూ, మిషనుకు చేసిన బీమా మిషనుతోపాటు నడిచి రాదనీ, పాలసీలో రాసిన చోట ఉన్నప్పుడే దానికి రక్షణ అనీ, తనది చూసింది రాయడం వరకేననీ చెప్పాడు. ఆరు వారాలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క పేజీ. క్లెయిము కుదరదు.

మరునాడు ఆమె బ్యాంకుకు వెళ్లింది. గొడవ పెట్టుకునే మనిషి కాదు. కానీ ఆ రోజు మేనేజరు గదిలో నిలబడే అడిగింది: 'కరోనాలో వాయిదా తప్పితే మీవాళ్లు మా ఇంటికే వచ్చారు సార్. మిషను పక్కన కుర్చీలో కూర్చుని, టీ తాగి, సంతకం తీసుకుని వెళ్లారు. వసూలుకి ఇల్లు తెలిసింది, ఇన్సూరెన్సుకి తెలియలేదా?'

మేనేజరు కొత్తాయన. పాత ఫైలు తెప్పించాడు. అందులో నిజంగానే ఇంటికి వచ్చి వెళ్లినట్టు రాసిన కాగితం ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు గానీ, అది తప్పేనని నోటితో అనలేదు. మిగిలిన వాయిదాలను ఏడాది వెనక్కి జరిపాడు. వడ్డీ నడుస్తూనే ఉంది. మెడికల్ షాపులో పనిచేసే మరిది మాత్రం ఊరుకోలేదు. ఆ కాగితం నకలు తీసుకుని హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టమన్నాడు. ఒంటరిగా నడుపుకునే చిన్న వ్యాపారాల పాలసీల మీద ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకుంటారు, వకీలు అక్కర్లేదు, రుసుము లేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, వాళ్లు కాదన్న ఏడాదిలోగా వెళ్లాలి. ఆమె రాయించింది కూడా. పంపలేదు. బ్యాంకు చేసిన పొరపాటుకు బీమా కంపెనీ మీద ఫిర్యాదేమిటన్న సందేహం ఒకటి, అదే బ్యాంకులో మళ్లీ అప్పు అడగాల్సి రావడం ఒకటి. రెండో కారణమే అసలు కారణమని మరిది అంటాడు. ఆమె కాదనదు.

సంక్రాంతికి అప్పోసప్పో చేసి పాత బోర్డు ఒకటి వేయించింది. మిషను మళ్లీ కదిలింది. కదిలిన వారానికే బీమా ఏజెంటు కుర్రాణ్ని పిలిపించింది.

'ఇంటికి చేయించేద్దాం, ఇంట్లో ఉన్నవన్నీ అందులోకి వచ్చేస్తాయిగా' అన్నాడు భర్త. చాలామంది అనుకునేదీ అదే. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. ఇంటి పాలసీలో సామాను అంటే టీవీ, ఫ్రిజ్జు, బీరువా. వ్యాపారం చేసే మిషను అక్కడ పెట్టి తర్వాత వాదించుకోవడం కంటే, చిన్న వ్యాపారాలకని 2021 నుంచి ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష తీసుకోమన్నాడు. అన్ని కంపెనీల దగ్గరా ఒకే షరతులతో దొరుకుతుంది, నిప్పు, వరద, తుపాను, భూకంపం అన్నీ అందులోనే. ఇంత చెప్పి ఫారం తీశాడు గానీ, ఈసారి ఆమె తేలిగ్గా వదల్లేదు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడి దగ్గరా ఆపింది.

'విలువ ఎంత రాయను అక్కా? తక్కువ రాస్తే ప్రీమియం తగ్గుద్ది.'

'తక్కువ రాస్తే ఇచ్చేది కూడా తగ్గుద్దా?'

తగ్గుతుంది. ఆ పాలసీలో నూటికి పదిహేను వరకూ తేడా ఉంటే పట్టించుకోరు. అంతకు మించి తగ్గించి రాస్తే, మిషను సగం పాడైనా ఆ నష్టంలోనూ అదే దామాషాలో కోత పడుతుంది. ఆమె పూర్తి ధర రాయించింది. కరెంటు ఎగిరి బోర్డు కాలితే? అది ఇందులో రాదు, ఎలక్ట్రానిక్ పరికరాలకు వేరే పాలసీ ఉంది. దొంగతనం? వరదలాంటిది వచ్చిన ఏడు రోజుల్లోపు పోతేనే ఇందులో వస్తుంది, మామూలు రోజుల్లో తాళం పగలగొడితే దానికీ వేరే. కుర్రాడు లేస్తుంటే చివరిది అడిగింది.

'మరి కస్టమర్ల చీరలు తమ్ముడూ? అవి నావి కావుగా.'

అతను మళ్లీ కూర్చున్నాడు. ఇన్నాళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదన్నాడు. పరాయి సొత్తు నమ్మి మన దగ్గర పెట్టినదైతే ఆ మాట పాలసీలో విడిగా రాయించాలి, రాయించకపోతే లెక్కలోకి రాదు. వరదలో ఆమె మూటల్లోకి చేరక తడిసిపోయిన పట్టుచీరలు తొమ్మిది. వాటి డబ్బు ఆమె నెలకింతని ఇంకా కడుతోంది. ఎవరూ గట్టిగా అడగలేదు. ఒకావిడైతే వద్దే వద్దంది. అయినా కడుతోంది.

ఏడాది ప్రీమియం మొత్తం చూస్తే ఒక పెళ్లి జాకెట్టు పని కూలికి మించలేదు. భర్త రెండుసార్లు కూడి చూసి, 'ఇంతేనా' అన్నాడు. ఆ 'ఇంతేనా'కి ఆమె జవాబివ్వలేదు.

మేడమీద మామ్మగారి మనవడు సాఫ్ట్‌వేరు. అతనూ ఇంట్లోంచే పని. ఇదంతా విని తన ల్యాప్‌టాప్ సంగతేంటని అడిగాడు. ఆఫీసు ఇచ్చినదైతే ఆఫీసునే అడగాలి, సొంతదైతే, అందులోనూ ఊళ్లు తిప్పేదైతే, ఒక్క చిరునామాకు కట్టేసిన పాలసీ సరిపోదన్నాడు ఏజెంటు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునేవాళ్లు, పిండి మిల్లు, బ్యూటీ పార్లరు, ట్యూషను కంప్యూటర్లు, ఆ ఒక్క వీధిలోనే ఎన్నో ఇళ్లలో ముందుగది కొట్టే. ఎవరి ఇంటికీ బోర్డుండదు. మిషనక్కకీ లేదు.

2025 వానాకాలం ముందు మామ్మగారు తన వాటాలో ఒక గది ఇస్తానన్నారు. ఆదివారం పూట ఆరుగురు కుర్రాళ్లు తాళ్లు కట్టి మిషనును మెట్లమీదుగా పైకి చేర్చారు. వాళ్లకు టీలిచ్చి, మిషను కాళ్లకింద చెక్కలు సరిచేసి, ప్లగ్గు పెట్టబోయి ఆగింది. ఫోను తీసింది.

'తమ్ముడూ, మిషను మేడమీదికి ఎక్కించాం. డోర్ నంబరు అదే. అంతస్తు మారింది. ఆ ముక్క కూడా రాయాలా?... రాయాలంటే కాగితం తీసుకునే రా, నోటితో చెప్పనులే.'