అనుపు రాళ్లు చెప్పేది

సెలవులకు పట్నం నుండి వచ్చి మన పొలాల్లో దిగిన బంధువులు ‘ఇక్కడ చూడటానికేముంది?’ అంటారు. మాచర్ల దాటించండి. ఎత్తిపోతలలో చంద్రవంక సుమారు 70 అడుగుల పైనుండి దూకుతుంది. కింద మడుగులో మొసళ్లుంటాయి, పిల్లల్ని దిగనివ్వకండి.

తర్వాత అనుపు చూపించండి. 1955లో సాగర్ డ్యాంకు శంకుస్థాపన జరిగింది. మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలోని ప్రాచీన కట్టడాలు కొన్నిటిని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలిపారు. ఊళ్లను మాత్రం అలా తేలేకపోయారు. అక్కడివారు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు. ఆ నీళ్లే కుడి కాలువలో వచ్చి మన వరిని తడుపుతున్నాయి.

యొర్దానులోని పన్నెండు రాళ్లను యెహోషువ గిల్గాలులో నిలిపింది పిల్లలు అడగాలనే. మీ పిల్లలూ అనుపులో అడుగుతారు. దాచకుండా చెప్పండి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఆ ఊళ్లవారి కుటుంబాల కోసం కూడా ప్రార్థించండి.